ఎర్రమచ్చ తాబేళ్ళు

మిరప తొడిమలు తీసే కొట్టంలో నోరు ఊరికే ఉంటే పని సాగదు. వేళ్ళు మండుతుంటాయి, ముక్కు కారుతుంటుంది, ఒకరు తుమ్మితే వరసగా ఇరవైమంది తుమ్ముతారు. అందుకని ఎవరో ఒకరు కబుర్లు చెబుతూ ఉండాలి. మా ఊళ్ళో ఆ ఎవరో ఒకరు నేనే. చర్చి పక్కన రెండు గదుల బడిలో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లలంతా పసుపు రంగు బస్సులెక్కి కనిగిరి వైపు వెళ్ళిపోవడంతో బడికి తాళం పడింది. ఆ తర్వాత వేసవుల్లో ఆడవాళ్ళతో పాటు నేనూ కాయల గుట్ట ముందు కూర్చునేదాన్ని.

"మా నాన్న చేలో కాయ కొరికిన కాకి, తెరిచిన నోరు మూయకుండా ఒంగోలు దాకా ఎగిరిపోయి కలెక్టరాఫీసు కుళాయి కింద వాలిందే," అన్నాను ఒకసారి.

"ఒంగోలే పోయిందని నీకెట్టా తెలుసు?" అంది ఎదురుగా కూర్చున్నావిడ.

"మా పిన్ని అక్కడే ఉంటదిగా. దాహం తీరాక వాళ్ళింటికెళ్ళి నా యోగక్షేమాలు కూడా చెప్పిందంట."

"టీచరమ్మా, నువ్వు చేసే పాపాలు రాసుకోలేక ఆ దేవదూత చేతులు పడిపోయుంటాయి!"

నా పేరు ఊళ్ళో ఇట్లా ఉండగానే తాబేళ్ళ మేడమ్ వచ్చింది. రోజంతా నడవగలిగి, చూసింది తప్పుల్లేకుండా రాయగలిగే మనిషి కావాలని పాస్టరుగారిని అడిగింది. ఆయన నా ఎదురుగానే, "ఈవిడ బాగా నడుస్తుంది, ముత్యాల్లాంటి అక్షరాలు. నోటిని మాత్రం నమ్మకండి," అన్నారు. మేడమ్ నవ్వి నా చేతిలో ఒక లావాటి నోటుపుస్తకం పెట్టింది. "టీచర్ గారూ, ఇందులో మీరు కళ్ళతో చూసింది తప్ప ఇంకేమీ ఉండకూడదు," అంది. ఆ పిల్లకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. విశాఖ వైపు మనిషి. ఎండకి చెవుల చివరలు ఎర్రబడి ఉండేవి.

విషయం ఏమిటంటే, మా ఊరికి తూర్పున ఉన్న బీడులో సోలార్ పలకలు పాతబోతున్నారు. ఆ బీడు నిండా మెట్ట తాబేళ్ళు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలతో చుక్కలు విచ్చుకున్నట్టుంటాయి. చిన్నప్పుడు వాటి మీద కాలేసుకుని జెముడు పళ్ళు తిన్నవాళ్ళమే మేమంతా. యంత్రాలొస్తే నలిగిపోతాయని, ఫారెస్టువాళ్ళ అనుమతితో వాటిని పట్టి, పడమర పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ కిందికి చేర్చాలి. సగం బీడు ఆ ఏడాది, మిగతా సగం మరుసటి ఏడాది. మొదటి విడతలో దొరికిన వాటిలో పన్నెండింటిని తీసుకెళ్ళి నేరుగా వదిలేయాలి. ఇంకో పదింటిని కొండ కిందే మోకాలెత్తు వల కంచెలో కొన్ని నెలలుంచి, ఆ చోటుకు అలవాటు పడ్డాక కంచె తీయాలి. ఏవి నిలబడతాయి, ఏవి దారి పట్టి పోతాయి? మేడమ్ చదువంతా ఆ ప్రశ్న మీదే.

తొలకరి జల్లులకి అవి పొదల్లోంచి బయటికొచ్చినప్పుడు పట్టాం. టమాటా ట్రేలలో గడ్డి పరిచి కూర్చోబెట్టాం. ఒక్కొక్కదాన్ని తూచి, కొలిచి, డిప్ప మీద అగ్గిపెట్టెంత యంత్రం అంటించింది మేడమ్. అది రేడియోలాగా సంకేతం పంపుతుంది, మా చేతిలో పెట్టె కీచుకీచుమంటుంది. దూరం నుంచే కంటికి కూడా ఆనాలని వెనకవైపు డిప్ప మీద రంగు మచ్చ పెడదామంది. తెల్లరంగు డబ్బా తెచ్చుకుంది.

"తెలుపొద్దండీ," అన్నాను నేను. "ఈ నేలంతా తెల్లరాళ్ళే. రాయేదో తాబేలేదో మీకే తెలీదు. ఎరుపు పెట్టండి."

ఆ ముక్క అని ఉండకపోతే ఈ కథ లేదు. ఎర్రరంగు తెచ్చిందీ నేనే, బడి కిటికీలకి వేయగా మిగిలింది. ప్రతి తాబేలు వెనకా రూపాయి బిళ్ళంత మచ్చ, దాని కింద అంకె.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళకి నడవాలనిపిస్తుంది. పొద్దున్నే మేడమ్ బండి మీద వెనక కూర్చుని, రెండు టిఫిన్ డబ్బాలూ ఒక యాంటెన్నా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేదాన్ని. దారికి రెండువైపులా మంచుకి తడిసిన పత్తి చేలు. కొండ దగ్గర దిగి, యాంటెన్నాని గాలిలో అటూ ఇటూ తిప్పుతూ, కీచుమనే వైపు నడవడమే పని. గొర్రెలు కాసేవాళ్ళు దూరం నుంచి కేకలేసేవాళ్ళు.

"ఏమక్కో! బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది గాని మాట రావట్లేదురా! నువ్వొచ్చి మాట్లాడతావా?"

తాబేలు దొరికాక చూసేదేముంటుంది? పొద్దున కాసేపు తింటుంది. ఎండెక్కితే పొదలో దూరుతుంది. చల్లబడ్డాక మళ్ళీ నాలుగడుగులు. నేను పక్కన రాయి మీద కూర్చుని పావుగంటకోసారి రాయాలి. పక్షం తిరిగేసరికి నా చెయ్యి ఆగలేదు. "తొమ్మిదో నంబరు తూర్పు చూస్తూ నిట్టూర్చింది. పుట్టిన ఊరు గుర్తొచ్చినట్టుంది," అని రాశాను. సాయంత్రం మేడమ్ అది చదివి, ఎర్రపెన్నుతో కొట్టేసి, "ముక్కులోంచి గాలి వదిలింది అని రాయండి," అంది. నేను అలిగాను. మర్నాడు ఆవిడే నాకిష్టమని పల్లీ పచ్చడితో అట్లు చేసి తెచ్చింది. అట్లు అట్లకాడకే అంటుకుపోయాయి. చెంచాతో తిన్నాం. రాళ్ళ మీద కూర్చుని ఆ ముక్కలు తింటుంటే పదమూడో నంబరు వచ్చి మేడమ్ చెప్పు కొరికి, రుచి నచ్చక వెళ్ళిపోయింది. ఆ సంగతి మాత్రం కొట్టేయలేదు. తనూ చూసింది కదా.

కంచెలో ఉన్న పదీ బాగానే ఉన్నాయి. నేరుగా వదిలినవి మాత్రం ఒకచోట ఆగలేదు. నిన్న చూసిన చోట ఇవాళ ఉండేవి కావు. కొన్ని కొండ చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్ళిపోయాయి. నాలుగో నంబరు దారి దాటుతూ ట్రాక్టరు చక్రం కింద పడింది. ఆ రోజు డిప్ప ముక్కలు మేడమ్ తన చున్నీలో ఏరుకుంది. నేను నోటుపుస్తకంలో స్థలం, సమయం రాసి, ఇంకేమీ రాయలేకపోయాను.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో ఏడో నంబరు సంకేతం అందడం ఆగిపోయింది. అది పెద్ద ఆడ తాబేలు. రెండు రోజులు కొండంతా తిరిగాం. మూడో రోజు మేడమ్‌కెందుకో తోచి యాంటెన్నా పట్టుకుని మా ఊరి బీడుకి వెళ్ళింది. సోలార్ కంచె పక్కన, తన పాత బలుసు పొద కింద, ఏడో నంబరు హాయిగా కూర్చుని ఉంది.

మేడమ్ అక్కడే నేల మీద చతికిలబడింది. "టీచర్ గారూ! పన్నెండు కిలోమీటర్లు! మూడు రోజుల్లో!"

వారం తిరక్కుండా పదకొండో నంబరు, ఆ వెనకే రెండో నంబరు, రెండూ బీడుకొచ్చేశాయి. ఈసారి మేడమ్‌కి సంతోషం లేదు. ఒంగోలులో గది అద్దెకి తీసుకుని ఉండేది, ఆ వారమంతా అక్కడికి వెళ్ళకుండా మా ఇంట్లోనే పడుకుంది. వాళ్ళ ప్రొఫెసర్‌గారు ఫోన్లో అన్నమాట నాతో చెప్పింది. ఇవి ఇట్లా ఇంటిదారి పట్టేటట్టయితే, దారుల మీద చక్రాల కింద పడి చావడానికి మనమే వదిలినట్టవుతుంది. మిగతా సగం బీడులో ఉన్న తాబేళ్ళని కొండకి తీసుకెళ్ళడం వద్దు. ఎక్కడో దూరాన జంతువుల ఆవరణలో సిమెంటు గదులున్నాయి, అక్కడికి పంపేద్దాం. శుక్రవారంలోగా మేడమ్ నివేదిక పంపాలి.

"సిమెంటు గదిలో ఎన్నాళ్ళుంటాయమ్మా?" అన్నాను.

"బతికినన్నాళ్ళూ," అంది. "అవి మనకంటే ఎక్కువ బతుకుతాయి టీచర్ గారూ."

బుధవారం పొద్దున మేడమ్ మా ఇంట్లో నివేదిక రాసుకుంటుంటే నేనొక్కదాన్నే కొండ అవతలికి వెళ్ళాను. అక్కడ తుమ్మ నీడన ఒక గొర్రెల పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అంతకుముందెప్పుడూ కలవలేదు. నా యాంటెన్నా చూసి లేచి నిలబడ్డాడు.

"నువ్వేనా అమ్మా, తూర్పు బీడూరి దానివి? రోజూ వెతుక్కుంటున్నావని మావాళ్ళు చెప్పారు. ఇంక తిరగమాక. మీ జీవాలు మా మందలో కలిశాయి, మూడూ పంపించేశా. ముట్టినయ్యా?"

"మా జీవాలేంటి పెద్దయ్యా? మాకు గొర్రెల్లేవుగా."

"గొర్రెలు కాదమ్మా, తాబేళ్ళు. ఎర్రమచ్చయ్యి."

యాంటెన్నా నేల మీద పెట్టేశాను.

మా వైపు మందలకి గుర్తులుంటాయి. మా ఊరి గొర్రెలకి వెనక తొడ మీద ఎర్రమచ్చ, కొండ కింద ఊరివాళ్ళకి నీలిగీత. ఒకరి గొర్రె ఇంకొకరి మందలో కలిస్తే దాన్ని కట్టేసుకోరు, కోసుకోరు. అటువైపు పోయే మనిషి చేత ఆ ఊరికి చేర్చేస్తారు. ఆ మాట తప్పిన కాపరిని పక్క మందవాడు నీళ్ళ దగ్గరికి కూడా రానివ్వడు. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి తెలిసి ఆ తాబేళ్ళ వెనక్కి ఎర్రమచ్చ పెట్టింది నేను.

"ఎవరి చేత పంపావు?"

"పత్తి తీతకి మా ఆడోళ్ళు రోజూ మీ ఊరే వస్తున్నారుగా ఆటోలో. ఒళ్ళో పెట్టుకుని పోయారు. మీ మందలోళ్ళెవరూ కనపడకపోతే బీడు అంచున దించొచ్చారంట. నోరులేని జీవం, దాని చోటు దానికి తెలవదా అని."

"నన్ను చూశారుగా మీవాళ్ళు. నా చేతికే ఇవ్వొచ్చుగా!"

పెద్దాయన నన్ను చదువురాని దాన్ని చూసినట్టు చూశాడు. "దోవలో కనపడ్డోళ్ళ చేతిలో పెడతారా ఎక్కడన్నా? ఊరికి చేర్చాలిగాని."

నేను పరుగున వచ్చి మేడమ్‌కి చెప్పాను. ఆయాసపడుతూ చెప్పాను, ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. ఆవిడ మొదట వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఆటోలో... ఒళ్ళో కూర్చుని... టీచర్ గారూ, కాకి కథ కంటే బాగుంది. కానీ ఇవాళ నాకు ఓపిక లేదు."

"బైబిలు మీద ఒట్టమ్మా!"

"పోయిన వారం ఒంగోలు గిత్త బస్సు టికెట్టు అడిగిందన్నప్పుడు కూడా అదే ఒట్టు వేశారు."

నిజమే, వేశాను. గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. నా కబుర్లకి నవ్వనివాళ్ళున్నారు, విసుక్కున్నవాళ్ళున్నారు. అప్పటిదాకా ఎవరూ నన్ను ఏడిపించలేదు. గోడకి తిరిగి కాసేపు ఏడ్చాను. నాకు జాలేసింది నా మీద కాదు. నా నోరే అంత పని చేసి, ఇప్పుడు వాటికి అవసరమైనప్పుడు చెల్లకుండా పోయింది. ఇరవై పైచిలుకు తాబేళ్ళు సిమెంటు మీద నడుస్తూ కనిపించాయి.

గురువారం బతిమాలి మేడమ్‌ని కొండకి తీసుకెళ్ళాను. మా కర్మకొద్దీ దారిలో ఫారెస్టు జీపు కలిసింది, ఆ ఆఫీసరుగారు కూడా వెనకే వచ్చారు. గొర్రెల పెద్దాయన ఖాకీ బట్టలు చూశాడు, మేడమ్ చేతిలో కాగితాలు చూశాడు.

"ఏం పెద్దాయనా, తాబేళ్ళని ఆటోలో పంపించావంట?" అన్నారు ఆఫీసరు.

"తాబేలా? అదెట్టుంటది సార్?"

మేడమ్ నా వైపు చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోను. కోపం కాదు. పోనీలే అన్నట్టు చూసింది. అది మరీ కష్టం.

పెద్దాయన కూడా నా వైపు చూడలేదు. ముట్టుకుంటే కేసవుతుందని ఎవరో చెప్పుంటారు. ఎంత బతిమాలినా ఆయన నోటి నుంచి రాదని అర్థమైంది. నిజం చెప్పి చూశాను, పని జరగలేదు. ఇక నాకు చేతనైంది ఒక్కటే.

మేడమ్ వైపు తిరిగి, ఆయనకి వినపడేటట్టు గట్టిగా అన్నాను: "పోనీ మేడమ్, పోదాం రండి. మా ఊరోళ్ళు చెప్పిందే నిజమైనట్టుంది. ఎర్రమచ్చ జీవం కొండ కిందికి పోతే మళ్ళీ కనపడదంట. పొయ్యి మీదికే పోద్దంట. నాలుగు తప్పిపోతే నాలుగూ కోసుకుతిన్నారని మా మందోళ్ళు అంటుంటే నేనే నమ్మలేదు."

పెద్దాయన కర్ర నేలకేసి కొట్టాడు. గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి.

"ఎవడే అన్నది? పేరు చెప్పు! నాలుగంట! మా మందలో కలిసింది మూడు! మూడూ పంపించా, ఏడో అంకెదాన్ని నా కోడలు పైటకొంగులో పెట్టుకుని పోయింది, దార్లో అది వొంటికి పోసుకుంటే చీర తడిసింది, అయినా దించలేదు! కోసుకుతిన్నామా? మా తాతల నాటి నుంచి మీ ఊరి బొచ్చు కూడా మా పొయ్యిలో కాల్లేదు!"

"ఏడో అంకా?" అంది మేడమ్ నెమ్మదిగా.

"ఏడు, రెండు, ఆ రెండు గీతలది. చదువు రాకపోతే గీతలు కనపడవా మాకు? ఆటో అబ్బాయినడుగు, నా కోడల్నడుగు!"

ఆఫీసరుగారు ఏదో అనబోయారు. మేడమ్ చెయ్యెత్తి ఆయన్ని ఆపి, పెద్దాయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "పెద్దయ్యా, మీ మీద కేసేమీ ఉండదు. నేను రాసిస్తాను. మొదట్నుంచీ చెప్పండి. ఎక్కడ కనపడ్డాయి?" అంది. కాగితాలు పక్కన పడేసి నా నోటుపుస్తకం లాక్కుంది.

ఆయన చెప్పాడు. ఎక్కడెక్కడ దొరికాయో వేలితో చూపించాడు. మూడూ కొండ అవతలి వాలులోనే దొరికాయి. అక్కడ రేగుపొదలున్నాయి, ఊట ఉంది. ఇంటిదారి పట్టినవి ఒక్కటీ లేవు. తిరిగి తిరిగి చివరికి ఒక చోటు నచ్చి ఆగినవాటినే పట్టి, పన్నెండు కిలోమీటర్లు వెనక్కి పంపాడు పాపం, మర్యాద కోసం.

కోడల్నీ ఆటో అబ్బాయినీ కూడా ఆ సాయంత్రమే అడిగాం. కోడలు చీర తడిసిన సంగతి మళ్ళీ చెప్పింది, ఇంకా కోపంగా. శుక్రవారం పంపిన నివేదిక వేరు. వాలులో ఊట దగ్గర నిలబడుతున్నాయని, రెండో విడతని కూడా కంచెలో ఉంచి అక్కడే వదలాలని, రంగు మార్చాలని రాసింది. ప్రొఫెసర్‌గారు ముందు నమ్మలేదట. "మీరు నాకు చేసినట్టే నేను ఆయనకి చేయాల్సొచ్చింది టీచర్ గారూ, ఒట్లేశాను," అంది.

ఎర్రమచ్చలన్నీ నేనే గీకాను. కంచెలోని పదికీ, దొరికిన మిగతావాటికీ. అదే నాకు శిక్ష. కిటికీల రంగు ఎంత మొండిదో అప్పుడు తెలిసింది. వాటి బదులు పసుపు పెట్టాం. పెద్దాయన్ని అడిగే పెట్టాం, చుట్టుపక్కల ఏ మందకీ పసుపు లేదని ఆయన రూఢి చేశాక.

రెండో విడత ఇరవై నాలుగింటిని, బీడుకి తిరిగొచ్చిన ఆ మూడింటితో సహా, వేసవికి ముందే తెచ్చి, కంచె పెద్దది చేసి, మొదటి పదితో కలిపి ఉంచాం. వాన కురిసి నేల మెత్తబడ్డ రోజు, పొద్దున ఎనిమిది గంటలకి, వాలు వైపున్న వలని పైకి చుట్టేశాం. పెద్దాయన తన మందని గట్టు అవతలే నిలిపి, అవి తొక్కకుండా కర్ర అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ అరచేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది.

గంటసేపు ఒక్కటీ రాలేదు. తర్వాత ఒక ఆడ తాబేలు తెరిచిన చోటికొచ్చి, మెడ చాచి, వల ఉండాల్సిన చోట గాలిని చూసింది. బయటికి పది అడుగులు వేసి, రాలిన జెముడు పండు దగ్గర ఆగింది. తింటుంటే మూతంతా ఊదారంగైంది. పండు అయ్యాక వెనక్కి తిరిగి కంచెలోకే వెళ్ళి, తన పొద కింద పడుకుంది.

"ఇంత దానికా అమ్మా ఇంతమంది?" అన్నాడు పెద్దాయన.

మేడమ్ ఆయన భుజం పట్టుకుని నవ్వింది, ఏడ్చింది. మధ్యాహ్నానికి మూడు బయటే ఉండిపోయాయి, సాయంత్రానికి తొమ్మిది. ఏదీ ఊట దాటి పోలేదు. వాన మళ్ళీ మొదలైతే ముగ్గురం ఒకే గొంగళి కింద దూరి, అది తడిసి గొర్రె వాసన వేస్తుంటే, చీకటి పడేదాకా అక్కడే కూర్చుని చూశాం.